వెంకటనర్సమ్మ చూడని మొదటి రీలు

సస్పెన్సు సినిమా ఎట్లా మొదలవ్వాలో నాకు ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు. ఆలేరు రైలు స్టేషను అవతల రేకుల షెడ్డులో నడిచిన టాకీసులో పదిహేడేళ్లు మిషను తిప్పాను. ఒక్కో సినిమా మొదటి రీలు ఇరవై ముప్పై సార్లు చూశాను. అన్నిసార్లు చూస్తే ఎవరికైనా విసుగొస్తుంది, నాకూ వచ్చింది. అయితే ఆ విద్యలో నాకంటే రెండాకులు ఎక్కువ చదివిన మనిషి ఒకామె మా టాకీసులోనే ఉండేది. ఆడవాళ్ల గేటు దగ్గర నిలబడే వెంకటనర్సమ్మ. ఆమె అన్నేళ్ల నౌకరీలో ఒక్క సినిమా మొదటి రీలు కూడా పూర్తిగా కంటితో చూడలేదు.

మాదీ వాళ్లదీ ఒకటే మగ్గాల వాడ. ఆమె భర్త గండయ్య నాకు వరుసకు అన్న, కాబట్టి ఆమె నాకు వదినె. నేను పాతికేళ్లు నిండకముందే మగ్గం గుంటలోంచి కాళ్లు బయటికి లాగి మిషను గదిలో దూరాను. గండయ్యన్న దూరలేదు. ఆయనకు దగ్గు పట్టుకుంది. నాలుగు బారలు నేస్తే నలభై సార్లు దగ్గేవాడు. ఇద్దరు మగపిల్లలు, ఒక ముసలి అత్త, ఒక మగ్గం. అప్పుడు వదినె టాకీసుకు వచ్చింది. అది యాభై ఎనిమిదో సంవత్సరం.

గేటు దగ్గర ఆడమనిషి ఎందుకంటారా? అక్కడ మగవాడు నిలబడి టికెట్లు చింపితే మా వాడలో ఒక్క అత్త కూడా కోడల్ని సినిమాకు పంపదు. ఓనరుకు ఆ సంగతి తెలుసు. మగవాళ్లకు ఎడమ పక్క, ఆడవాళ్లకు కుడి పక్క, మధ్యలో పర్దా. కుడి పక్కకు వెంకటనర్సమ్మ, ఆమె చేతిలో ఒక టార్చిలైటు, కూర్చోవడానికి ఒక స్టూలు. ఆ స్టూలు మీద ఆమె కూర్చునేది ఎంతసేపో నాకు లెక్క తెలుసు. చాలా తక్కువ.

మా ఆడవాళ్లు మొదటి ఆటకైనా రెండో ఆటకైనా ఏనాడూ టైముకు రారు. వాళ్ల తప్పు కాదు. పొద్దుగూకేదాకా మగ్గం ఆగదు, మగ్గం ఆగేదాకా నూలు కండెలు చుట్టే చేయి ఆగదు. ఆ తరవాత వంట. దీపం పెట్టకుండా ఆడది ఇల్లు కదిలితే ఇంటికి అరిష్టమని ముసలివాళ్ల పట్టు. దీపం పెట్టి, మొగుళ్లకు వడ్డించి, పిల్లల్ని చంకనేసుకుని, మూతి తుడుచుకుంటూ ఉరికొస్తారు. అప్పటికి సర్కారు వార్తల రీలు అయిపోయి, అసలు సినిమా మొదటి రీలు సగం తిరిగి ఉంటుంది. చీకట్లో ఒక్కొక్కరినీ టార్చి వేసి తీసుకుపోయి కూర్చోబెట్టాలి. ఒకరి పిల్లవాణ్ణి ఇంకొకరు తొక్కకుండా చూడాలి. తెర వైపు వీపు, జనం వైపు మొహం. మాకు ఉన్నది ఒకటే మిషను, అందుకని రీలు మార్చేటప్పుడు లైట్లు వేసేవాళ్లం. మొదటి రీలు అయిపోయి లైట్లు వెలిగాక వదినె స్టూలు మీద కూలబడేది. ఆమె సినిమా అక్కడినుంచి మొదలు.

ఇంటి గొడవల సినిమాలకు మొదటి రీలు పోతే నష్టం లేదు. పిల్లలు పుడతారు, ఒక పాట పాడతారు, పాట అయ్యేసరికి పెద్దవాళ్లైపోతారు. సస్పెన్సు సినిమా అట్లా కాదు. శవం పడేది మొదటి రీలులో. ఆ పడ్డది చూడనివాడు తక్కిన రీళ్లన్నీ పక్కవాణ్ణి గోకుతూనే ఉండాలి.

నా సంగతి ఇంకోరకం. మిషను గదిలో మిషను మోతకు నా మాట నాకే వినబడదు. లోపలొక చిన్న స్పీకరు ఉండేది, అది చెడిపోయింది. బాగుచేయించమని ఓనరును అడిగి అడిగి నా నోరు నొప్పి పుట్టింది. కాబట్టి నేను గోడకు ఉన్న కంతలోంచి బొమ్మ చూసేవాణ్ణి, మాట లేదు. మొదటి రీలు అయ్యేదాకా ఆమె తలుపు దగ్గర మాట వినేది, బొమ్మ లేదు. ఇంటర్వెల్లో నేను రెండు చాయ్‌లు తెచ్చి ఒకటి ఆమెకిచ్చేవాణ్ణి. అక్కడ మా ఇద్దరి సినిమా మొదలయ్యేది.

"ఏం జూసినవ్ సీతారాములూ?"

"పెద్ద బంగళా వదినె. ఒకడు మెట్లెక్కుతున్నడు. మొకం సూపియ్యలే. బూట్లే సూపిచ్చిండ్రు."

"కుంటోడు. ఒకడుగు గట్టిగ, ఒకడుగు మెల్లగ ఇనవడ్డది."

"కుంటోడు గాదు. చేతుల కట్టె ఉన్నది."

"గట్లనా! గా టక్కుమన్నది కట్టెదా? నేను కాలుదనుకున్న."

ఇట్లా ఒక్కో ముక్క అతికించుకుంటూ పోయేవాళ్లం. వాదులాట కూడా ఉండేది. భయం బొమ్మలో ఉంటుందని నేను, కాదని ఆమె.

"ముందుగాల వాన సప్పుడు పెడ్తరు," అని చెప్పిందొకసారి, చాయ్ గ్లాసు రెండు చేతుల మధ్య పట్టుకుని. "మనం గా సప్పుడుకు అలవాటైతం. గప్పుడు దాన్ని బందు జేస్తరు. భయం గాడ మొదలైతది. సప్పుడు జేసినప్పుడు గాదు, ఆపినప్పుడు."

నేను కంతలోంచి కనిపెట్టిన సంగతి చెప్పాను. కుర్చీలో కూర్చున్నవాడు పేపరు చదువుకుంటుంటాడు. వాడి వెనక పర్దా కదులుతుంది. వాడికి తెలియదు, మనకు తెలుసు. నేల టికెట్టువాళ్లు "ఎనకకు జూడరా!" అని గొంతు చించుకుంటారు. చంపేవాడి మొహం చూపిస్తే అయిపోయింది, ఇక భయం లేదు. చేయి చూపించాలి, నీడ చూపించాలి, తలుపు గొళ్లెం చూపించాలి. మనకు కొంచెం తెలియాలి, కొంచెం తెలియకూడదు. ఆ కొలత తెలిసినవాడిదే సినిమా.

"మొగోళ్లు అరుస్తరు, ఆడోళ్లు అరువరు," అంది వదినె. "వాళ్లకు భయమైతె పల్లికాయలు ఒలుసుడు ఆపుతరు. నేను దాన్నే ఇంట."

నిజంగానే విని చెప్పేది. మొదటి రోజు మొదటి రీలు కాగానే ఓనరు గేటు దగ్గరికి వచ్చి, "ఏమంటవ్ వెంకటనర్సమ్మా?" అని అడిగేవాడు. ఆమె పల్లికాయల చప్పుడు ఎంతసేపు ఆగిందో చూసుకుని ఇన్ని రోజులు ఆడుతుందని చెప్పేది. ఒకటి రెండు రోజులు అటూఇటూ అయ్యేదేమో కానీ ఆమె లెక్క తప్పేది కాదు. ఆ మాట నమ్మి ఓనరు తరవాతి సినిమాకు మాట్లాడుకునేవాడు. ఆమె కాళ్లు వాచిపోవడం మాత్రం ఒక్కసారీ చూడలేదు.

ఒకసారి చాయ్ తాగుతూ అంది. "ఒక్కపారి మొదటికాడ్నించి కూసోని జూడాలె సీతారాములూ. సప్పుడు, బొమ్మ రెండు ఒక్కతీరు. సచ్చేలోపల ఒక్కపారి."

నేను నవ్వాను. అడిగి అడిగి ఇదా అడిగేది అన్నాను. ఆమె నవ్వలేదు. ఇంకేం అడగలేదు కూడా. తన కోసం ఆమె ఏదైనా కావాలని అనడం నేను వినడం అదే మొదలు. ఆ తరవాత ఏ సస్పెన్సు సినిమా రీళ్ల పెట్టె దిగినా నాకు ఆ మాటే గుర్తొచ్చేది.

అరవై నాలుగులో ఒక సినిమా వచ్చింది. పేరు వద్దులెండి. పెట్టెతో పాటు కంపెనీవాళ్ల హుకుం కూడా వచ్చింది. సినిమా మొదలయ్యాక మొదటి రీలు అయ్యేదాకా ఎవరినీ లోపలికి రానివ్వకూడదు, గేట్లు మూసేయాలి. పోస్టరు మీద కూడా అదే అచ్చేశారు. బండి కట్టి, డప్పు కొట్టించి ఊరంతా చాటింపు వేశాం.

ఆ సంగతి విన్నప్పుడు వదినె మొహం చూడాలి. గేటు మూస్తే ఎవరూ రారు. ఎవరూ రాకపోతే టార్చి పనిలేదు. నేరుగా ఓనరు దగ్గరికి పోయింది.

"తలుపు పెట్టినంక నేను లోపల కూసుండొచ్చునా సేటు?"

"కూసో, నాకేంది?" అన్నాడు ఓనరు.

సినిమా మొదలయ్యేలోపు ఉన్న మూడు రోజులూ ఆమె వాడంతా తిరిగింది. దీపాలు జర ముందుగాల పెట్టుకోండ్రి, జల్దీ రాండ్రి, తలుపులు మూస్తరు అని ఇల్లిల్లూ చెప్పింది. తన ఇంట్లో రేపటి కండెలు ఇవాళే చుట్టిపెట్టింది. సినిమా రోజు పగటిపూటే వండింది. సాయంత్రం ఆరుగంటలకల్లా తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని గేటు దగ్గర నిలబడింది. నేను గంట కొట్టించాను, వార్తల రీలు తిప్పాను. ఆమె గొళ్లెం పెట్టడం కంతలోంచి చూశాను. వచ్చి స్టూలు మీద కూర్చుంది. నేను రీలు ఎక్కించి మిషను మీద చేయి వేశాను. ఆమె వచ్చిన ఈ ఆరేళ్లలో అంత ఇష్టంగా ఎప్పుడూ మిషను నడపలేదు.

తెర వెలిగి అర నిమిషం కాలేదు. ఆమె తల గేటు వైపు తిరిగింది.

నాకేం వినబడలేదు, తరవాత ఆమే చెప్పింది. గేటు కొట్టింది మా వాడ బిక్షమ్మ. చంకలో ఆర్నెల్ల బిడ్డ. "వదినే, జర తలుపు తియ్యి. మా అత్త పెండ్లైనంక గిదే మొదటిపారి సినిమకు ఇడిసింది. గిప్పుడు ఇంటికి మర్లి పోతె మల్ల ఇడువది" అని ఏడుపు. వదినె ఒక్క క్షణం అట్లాగే కూర్చుంది. తెర వైపు ఒకసారి, తలుపు వైపు ఒకసారి చూసింది. అది మాత్రం నేను చూశాను. లేచి గొళ్లెం తీసింది.

బిక్షమ్మ ఒక్కతే అయితే సరిపోయేది. వెనక ఇరవై మంది ఉన్నారు. అందరికీ దీపాలూ అత్తలూ ఉన్నారు. తలుపు తీసిన తరవాత ఒకరిని రానిచ్చి ఒకరిని ఆపడం ఆమెకు చేతకాలేదు. టార్చి వెలిగింది. రీలు అయిపోయేదాకా ఆ టార్చి వెలుగు అటూఇటూ తిరుగుతూనే ఉంది.

లైట్లు వేయగానే ఓనరు గేటు దగ్గర పెట్టిన కేకలు మగవాళ్ల పక్కకు కూడా వినబడ్డాయి. కంపెనీవాళ్లకు తెలిస్తే పెట్టె వెనక్కి తీసుకుపోతారన్నాడు. రెండో రోజు నుంచి గేటు బయటే నిలబడి వచ్చినవాళ్లను ఆపాలి, ఇక లోపల కూర్చునే మాటే లేదన్నాడు. ఆమె స్టూలు తీసి బయట పెట్టుకుంది.

ఆ సినిమా మొదటి రీలు నేను చూసినవాటిలోకెల్లా గొప్పది. అందులో మాటలే లేవట. పాట లేదు, వాన లేదు, అడుగుల చప్పుడు లేదు. రెండో రోజు చాయ్ దగ్గర వదినె నా వైపు అదోరకంగా చూసింది.

"రీలు తెగిందనుకున్న. బయటికి ఒక్క సప్పుడు రాలే. పల్లికాయలు గూడ ఒలువలే. ఏం నడుస్తాంది లోపల?"

"ఒక ఆమె అద్దం ముంగట కూసోని తల దువ్వుకుంటది..."

"సెప్పకు," అని చేయి అడ్డం పెట్టింది. "గిది నేను జూస్త. పదిహేను రోజులు ఆడుతది గిది. ఎప్పుడో ఒకప్పుడు జూస్త."

అన్నట్టే పదిహేను రోజులు ఆడింది. రోజూ ఆమె బయట, నేను లోపల. చెవితో దొరకని సినిమా కాబట్టి ఆమెకు ఈసారి సగం కూడా దక్కలేదు. ఇంక మూడు రోజులు, ఇంక రెండు రోజులు అని నేను లోలోపల లెక్కపెట్టుకుంటున్నాను.

చివరికి నాకొక ఉపాయం తట్టింది. పెట్టె శుక్రవారం పదకొండు గంటల ప్యాసింజరుకు జనగామ పోవాలి. ఆ రోజు ఓనరు తరవాతి సినిమా కోసం పొద్దున్నే సికింద్రాబాద్ పోతాడు, తాళంచెవి నా దగ్గర ఉంటుంది. రీళ్లు సరిచూసుకునే వంకతో మొదటి రీలు ఒక్కటి తిప్పొచ్చు. గురువారం సాయంత్రం ఆమెకు చెప్పాను, తొమ్మిదింటికి రమ్మన్నాను. ఆమె నమ్మలేదు. "నిజంగనా? నా ఒక్కదానికా?" అని రెండుసార్లు అడిగింది.

శుక్రవారం తొమ్మిది దాటాక వచ్చింది. చేతులకు ఇంకా గంజి ఎండి ఉంది. ఆ రోజే వాళ్ల పడుగుకు గంజి పెట్టే రోజు పడింది. ఎండ రాకముందే వీధిలో నూలు బారుగా కట్టి గంజి పెట్టి కుంచెతో తోమాలి, లేకపోతే పోగులు అతుక్కుపోతాయి. గండయ్యన్న రెండడుగులు వేస్తే దగ్గుతాడు, పని మొత్తం ఆమె మీదే పడింది. మూడింటికి లేచిందట. అంతకుముందు రాత్రి రెండో ఆట అయ్యేదాకా గేటు దగ్గరే ఉంది.

తలుపులన్నీ మూశాను. రేకుల సందుల్లోంచి సన్నగా ఎండ పడుతోంది, అయినా తెర మీద బొమ్మ కనబడుతుంది. ఆమె అలవాటుగా స్టూలు వైపు పోయింది. వద్దు వదినె అని చేయి పట్టుకుని తీసుకుపోయి, కుర్చీ టికెట్టు వరసలో మధ్య కుర్చీలో కూర్చోబెట్టాను. అది వీపు ఆనే కుర్చీ, మెత్త కూడా ఉంది. ఆమె అంచు మీద కూర్చుంటే వెనక్కి జరిగి కూర్చొమ్మని నేనే చెప్పాను.

మిషను నడిపాను. తెర మీద ఆ తల దువ్వుకునే ఆమె వచ్చి అద్దం ముందు కూర్చుంది. పక్కన బల్ల మీద నిండుగా పాల గ్లాసు. అద్దంలో వెనక తలుపు గొళ్లెం నెమ్మదిగా తిరుగుతోంది. ఆమె చూడటం లేదు, జడ వేసుకుంటోంది. కంతలోంచి చూస్తే వదినె తల ముందుకు వంగింది. పట్టుకుంది సినిమా అనుకున్నాను. తెర మీద ఆమె గిర్రున వెనక్కి తిరిగింది. ఎవరూ లేరు, తలుపు వేసే ఉంది. ఊపిరి పీల్చుకుని మళ్లీ అద్దం వైపు తిరిగింది. గ్లాసులో పాలు సగమే ఉన్నాయి.

ఎన్నిసార్లు చూసినా ఆ చోట నా వీపు జలదరిస్తుంది. వదినె ఏం చేస్తుందో చూద్దామని కిందికి చూశాను. తల ఒక పక్కకు వాలిపోయి ఉంది. భయపడి కళ్లు మూసుకుందేమో అనుకున్నాను. కాదు. నోరు కొంచెం తెరిచి నిద్రపోతోంది.

మిషను ఆపొచ్చు. ఒక్క కేక వేయొచ్చు. మొదటినుంచి ఇంకోసారి తిప్పడానికి టైము ఉంది. నేను చేయి మీట దాకా తీసుకుపోయి ఆగాను. ఈ మనిషి పగటిపూట కన్ను మూసి ఎన్నేళ్లయిందో అనుకున్నాను. సినిమా ఏముంది, తరవాత మాటల్లో చెప్పొచ్చు, పడుకోనీ అనుకున్నాను. నా మంచితనానికి నాకే ముచ్చటేసింది. రీలు పూర్తిగా తిరిగింది. శబ్దం కాకుండా దించాను, వెనక్కి చుట్టాను, డబ్బాలన్నీ పెట్టెలో సర్ది తాళం వేశాను. బండి మనిషి కురుమయ్య వచ్చి పెట్టె ఎక్కించుకుపోయాడు. పోతూ పోతూ ఎద్దును అదిలించాడు. ఆ అదిలింపుకు ఆమె లేచింది.

తెల్లటి తెర వైపు చూసింది. తరవాత నా వైపు.

"ఆయిపాయెనా?"

"ఆయిపాయె వదినె. అలిసి ఉన్నవని లేపబుద్ధి కాలే."

"మల్ల ఎయ్యి. గీసారి పండ, నిలవడి జూస్త."

"పెట్టె పోయింది."

ఆమె లేచి గేటు దాకా ఉరికింది. నేను వెనక పోయాను. బండి అప్పటికే స్టేషను మలుపు తిరుగుతోంది. కురుమయ్యను పిలుద్దామని నోరు తెరిచింది, పిలవలేదు. పిలిచినా లాభం లేదని ఆమెకూ తెలుసు, ప్యాసింజరు కూత వినబడుతూనే ఉంది. కొంగు నోట్లో కుక్కుకుంది. ఏడుస్తోందని నాకు కొంచెం ఆలస్యంగా తెలిసింది.

"సినిమా ఎట్లుందో నేను జెప్త వదినె, మొత్తం జెప్త," అన్నాను.

"నిద్ర నేను పిలిస్తె రాలే సీతారాములూ, అదే వచ్చింది," అంది. "లేపుడు నీ చేతుల ఉండె. ఇంట్ల అందరు నన్ను లేపుతరు. కండెలకు లేపుతరు, నీళ్లకు లేపుతరు, ఆయినకు దగ్గొస్తె లేపుతరు. నాకోసమని నన్ను లేపెటోడు ఒక్కడు లేకపాయె."

ఆమె చేతుల మీద గంజి గీక్కుంటూ ఇంటికి పోయింది, పడుగు ఎండిందో లేదో చూసుకోవాలి.

ఆ సాయంత్రమే కొత్త సినిమా మొదలైంది. ఆమె టైముకు వచ్చింది, గేటు దగ్గర నిలబడింది. ఇంటర్వెల్లో నేను రెండు చాయ్‌లు తెచ్చాను. గ్లాసు తీసుకుంది.

"ఏం ఇనవడ్డది వదినె?" అని అడిగాను.

"గేటు కాడ లొల్లి ఉండె. ఏం ఇనలే," అంది.

తరవాత ఐదేళ్లు ఆ గేటు దగ్గర పని చేసింది. నాతో మాట్లాడేది, నవ్వేది, నా పెళ్లికి గండయ్యన్న చేత ధోతి నేయించి తెచ్చింది. మొదటి రీలులో ఏం వినబడిందో మాత్రం మళ్లీ ఒక్కసారీ చెప్పలేదు. నేను కొన్నాళ్లు అడిగి, తరవాత అడగడం మానేశాను.